నగరం తాగే చిత్తడి

కొల్లూరులో సైకిల్ బాట ముగిసిన చోటు నుంచి మంజీరా మొసళ్ల దాకా సుమారు 40 కిలోమీటర్లు. దారి పొడవునా కనిపించే చెరువూ వాగూ హైదరాబాద్ దాహం కథే చెబుతాయి.

కొల్లూరు దగ్గరికి వచ్చేసరికి సైకిల్ బాట అయిపోతుంది. నార్సింగి నుంచి ఇక్కడిదాకా 14.5 కిలోమీటర్లు నెత్తిన సోలార్ పలకల నీడ, పొద్దు గూకితే దీపాలు, చక్రాల కింద నునుపైన దారి. ఆ తర్వాత ఔటర్ రింగ్ రోడ్డు పక్క సర్వీస్ రోడ్డు, కంకర లారీలు, సగం లేచిన టవర్లు. సైకిళ్ల మీద వచ్చినవాళ్లలో ఎక్కువమంది ఇక్కడే ఓ ఛాయ్ తాగి వెనక్కి మళ్లుతారు. మళ్లకుండా ముందుకే తొక్కితే, పటాన్‌చెరు పొగగొట్టాలు దాటాక, సంగారెడ్డి ఊరు దాటాక, ఒక పూటలో చేరుకునేంత దూరంలో మొసళ్లు ఎండ కాచుకునే నది ఉంది.

అడవి దారి అనుకుని బయల్దేరితే మొదటి ముప్పై కిలోమీటర్లూ నిరాశే మిగులుతుంది. చెట్ల గుబురు కన్నా ప్రహరీ గోడలే ఎక్కువ. అయినా ఈ దారిని మొదటి నుంచీ తొక్కాలి. కారులో నేరుగా మంజీరా ఒడ్డున దిగినవాళ్లకు మొసలి కనిపిస్తుంది గానీ, అది అక్కడ ఎందుకు మిగిలిందో తెలియదు.

ఈ దారిలో మూడు రకాల నీళ్లు తగులుతాయి. హైదరాబాద్ ఒకప్పుడు తాగి ఇప్పుడు దాదాపు మానేసినవి ఒకటి. ఎన్నడూ తాగనివి ఇంకొకటి. దశాబ్దాలుగా తాగుతూ వస్తున్నవి మూడోది. ఏ నీటి ఒడ్డు ఏ గతి పట్టిందో వరసగా చూసుకుంటూ పోతే, ఈ ప్రాంతపు అడవి లెక్క దానంతటదే తేలుతుంది.

కొల్లూరు మలుపు

సోలార్ పైకప్పు ఉన్న ఈ సైకిల్ బాటను 2023 అక్టోబర్ 1న అప్పటి మంత్రి కేటీఆర్ ప్రారంభించారు. నానక్‌రాంగూడ నుంచి పోలీస్ అకాడమీ వరకు 8.5 కిలోమీటర్లు ఒక పాయ, నార్సింగి నుంచి కొల్లూరు వరకు ఇంకో పాయ, రెండూ కలిపి 23 కిలోమీటర్లు. నాలుగున్నర మీటర్ల వెడల్పున మూడు వరుసలు. పైకప్పు పలకల సామర్థ్యం 16 మెగావాట్లు. కొరియాలో ఇలాంటి బాటను చూసి వచ్చాక ఇక్కడ కట్టారు.

నార్సింగి నుంచి వచ్చేటప్పుడు ఔటర్‌కు పడమటి దిక్కున గండిపేట ఉంటుంది. 1908లో మూసీ వరద నగరాన్ని ముంచాక, మోక్షగుండం విశ్వేశ్వరయ్య ఇచ్చిన సలహాతో వరదను ఆపడానికీ తాగునీటికీ కట్టిన ఉస్మాన్ సాగర్ అది. 1920లో పూర్తయింది. హిమాయత్ సాగర్ ఏడేళ్ల తర్వాత వచ్చింది. ఈ జంట జలాశయాల చుట్టూ పది కిలోమీటర్ల మేర, 84 గ్రామాల్లో భారీ నిర్మాణాలకూ కాలుష్య పరిశ్రమలకూ అడ్డుకట్ట వేసిందే 1996 నాటి 111 జీవో. నగరం తాగే నీళ్లు కాబట్టే ఆ కట్టడి. 2022 ఏప్రిల్‌లో ప్రభుత్వం 69 జీవో తెచ్చి ఆ ఆంక్షలను ఎత్తేసింది. నగర అవసరాల్లో ఈ రెండు జలాశయాల వాటా 1.25 శాతం లోపేనన్నది అందులో చూపిన కారణం. కృష్ణా గోదావరి నీళ్లు వచ్చాయి, గండిపేట మీద పట్టింపు తగ్గింది. ఈ మాట గుర్తుపెట్టుకుని ముందుకు సాగాలి. ప్రయాణం చివర దీనితో పని పడుతుంది.

కొల్లూరు ఇప్పుడు ఊరూ కాదు, పట్నమూ కాదు. 15,660 డబుల్ బెడ్‌రూం ఇళ్ల కాలనీని 2023 జూన్‌లో ఇక్కడే ప్రారంభించారు. నాలుగు దిక్కులా ఎత్తైన అపార్ట్‌మెంట్లు. వాటి సందుల్లో ఇంకా అక్కడక్కడా జొన్న చేను, శికంలో మేసే బర్రెలు, వాటి వెంట నడిచే తెల్ల కొంగలు. తీతువు పిట్టలు మాత్రం ఎవరికీ భయపడవు. ప్లాటు చదును చేసి రాళ్లు పాతిన చోటే గుడ్లు పెట్టి, దగ్గరికి వచ్చిన మనిషి నెత్తి మీద చక్కర్లు కొడుతూ అరుస్తాయి.

పొగగొట్టాల పక్కన పక్షులు

ముత్తంగి దగ్గర ముంబై హైవే తగులుతుంది. అక్కడికి దాపునే ఇక్రిశాట్. మెట్ట పంటల పరిశోధన కోసం 1972లో ఏర్పాటైన ఈ అంతర్జాతీయ సంస్థకు దాదాపు 1,400 హెక్టార్ల స్థలం ఉంది. ఎర్ర చెల్క, నల్లరేగడి రెండూ ఒకే ఆవరణలో దొరకడం పరిశోధకులకు కలిసొచ్చింది. రెండు నేలలూ మెట్ట సేద్యానికి ప్రాణం మరి. వాటితో పాటు చెరువులూ లోపలికి వచ్చాయి. వేటగాడు లేడు, బోరు బండి లేదు, రాత్రి డీజే లేదు. ఇన్నేళ్లలో అది పక్షుల కోట అయింది. ఇక్కడ దాదాపు మూడు వందల జాతుల పక్షులను నమోదు చేశారు. గేటు ముందు నుంచి పోతే గోడే కనిపిస్తుంది. అనుమతి తీసుకుని పక్షుల్ని చూసే బృందాలతో వెళ్లినవాళ్లకే లోపలి చెరువు కట్టలు తెలుసు.

ఇంకో దిక్కున, రామచంద్రాపురం దాటి అమీన్‌పూర్ చెరువు. ఇబ్రహీం కుతుబ్ షా కాలంలో తవ్విన 93 ఎకరాల చెరువు. 2016లో ప్రభుత్వం దీన్ని జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించింది. దేశంలో ఒక నగరం పరిధిలోని చెరువుకు ఆ గుర్తింపు రావడం అదే మొదలు. దాని వెనుక ఐపీఎస్ అధికారి తేజ్‌దీప్ కౌర్ మీనన్ నడిపిన శుభ్రత ఉద్యమం ఉంది. రాజహంసలు దిగిన ఆ చెరువుకు మురుగు బెడద మాత్రం తప్పలేదు. దగ్గర్లోని గండిగూడెం చెరువులో 2017లో చేపలు గుట్టలుగా చచ్చి తేలాయి. గుర్తింపు పలక ఒక చెరువుకు పెడతారు, కాలువ పది చెరువులకు కలిసి ఉంటుంది.

నక్కవాగు పాఠం

పటాన్‌చెరు పాత ఊరు. కళ్యాణి చాళుక్యుల నాడు ముఖ్య పట్టణంగా, జైనుల కేంద్రంగా వెలిగింది. వెనుకబడిన ప్రాంతాన్ని పైకి తేవాలని 1970ల నుంచి ఇక్కడ పరిశ్రమలను పెంచారు. బొల్లారం, పాశమైలారం కలిశాయి. మందుల ఫ్యాక్టరీలు, రసాయనాలు, ఉక్కు, అద్దకం. బీహార్ నుంచీ ఒడిశా నుంచీ వచ్చిన కార్మికుల గదులు, హోటళ్లు, ఓవర్‌టైం. లక్షల కడుపులు నిండాయి. ఆ ఫ్యాక్టరీల మురికి పోవడానికి పల్లం చూసుకుంటే నక్కవాగు దొరికింది.

నక్కవాగు మంజీరాలోనే కలుస్తుంది. నగరానికి నీళ్లు తోడే చోటుకు దిగువన. ఈ చిన్న భూగోళ వివరమే అంతటినీ నిర్ణయించింది. హైదరాబాద్ కుళాయికి ముప్పు లేదు కాబట్టి వాగు గోడు పల్లెలకే మిగిలింది. వరి ఎర్రబడింది, బర్రెలు చచ్చాయి, బోర్లలో రంగు నీళ్లు వచ్చాయి. పటాన్‌చెరులో వైద్యం చేసే డాక్టర్ అల్లాని కిషన్ రావు రోగుల్లో కనిపిస్తున్నదాన్ని వీధిలోకి, కోర్టు దాకా తెచ్చారు. 1990లో సుప్రీంకోర్టుకు ఎక్కిన కేసు హైకోర్టు మీదుగా జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు చేరింది. 2017లో గానీ తీర్పు రాలేదు. అదంతా నడిచిన కాలంలో ఒక తరం పిల్లలు పెద్దవాళ్లై ఫ్యాక్టరీ డ్యూటీలకు ఎక్కారు.

2007లో స్వీడన్ పరిశోధకుడు జోకిమ్ లార్సన్ బృందం పటాన్‌చెరు ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిని పరీక్షించింది. శుద్ధి అయ్యాక కూడా లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్ససిన్ అనే యాంటీబయాటిక్ తేలింది. ఆ మందు వేసుకున్న మనిషి రక్తంలో ఉండేదాన్ని మించిన మోతాదు అది. మందుకు లొంగని సూక్ష్మజీవుల గురించి ప్రపంచమంతా చర్చించే చోటల్లా పటాన్‌చెరు పేరు వినిపించడం అప్పటి నుంచే. ఆ శుద్ధి కేంద్రం నీటిని 18 కిలోమీటర్ల పైపులైను వేసి అంబర్‌పేటకు, అంటే మూసీ దిక్కుకు మళ్లించారు. వాగుకు కొంత తెరిపి వచ్చింది. మూసీకి ఇంకో బరువు చేరింది.

సైకిలు మీద వెళ్తున్నప్పుడు ఈ ముచ్చటంతా ముక్కుకే తెలుస్తుంది. ఒక వంతెన దగ్గర ఘాటు వాసన, మరో వంతెన దగ్గర ఏమీ ఉండదు. వాన మొదలైన రోజుల్లో వాసన ఎక్కువవుతుంది. ఫ్యాక్టరీల మురికిని వరదలో కలిపి వదిలేస్తారని ఒడ్డు ఊళ్లవాళ్ల ఫిర్యాదు.

నల్లరేగడి మీద

రుద్రారం వినాయకుడి గుడి దాటి, ఐఐటీ ఉన్న కంది దాటి, సంగారెడ్డిలో హైవే వదిలితే గాలి మారుతుంది. లారీల హోరు వెనుకబడుతుంది. పత్తి, చెరకు, కంది చేలు. అంతా నల్లరేగడి. ఎండాకాలంలో చెయ్యి పట్టేంత నెర్రెలు విచ్చే ఈ మట్టి వానాకాలంలో సైకిలు పాలిటి శత్రువు. టైరుకూ మడ్‌గార్డుకూ మధ్య మెత్తుకుపోయి చక్రం తిరగనివ్వదు. అప్పుడు సైకిలు మనిషిని మోయదు, మనిషే సైకిలును మోయాలి. తారు రోడ్డు దిగకుండా ఉండటమే తెలివి.

మంజీరా ఒడ్డు ఊరు కల్పగూరు. కాకతీయుల కాలపు త్రికూటాలయం ఇక్కడ ఉంది. నల్లరాతి స్తంభాల నీడలో కాసేపు కూర్చుని నడుము వాల్చి, తర్వాత నది దగ్గరికి నడిస్తే బాగుంటుంది. ఇక్కడి నుంచి సైకిలుతో పని లేదు. నడకే.

మొసలి ఇల్లు

మంజీరా మహారాష్ట్రలోని బాలాఘాట్ కొండల్లో పుట్టి, కర్ణాటక మీదుగా వచ్చి, 724 కిలోమీటర్లు ప్రవహించి నిజామాబాద్ జిల్లా కందకుర్తి దగ్గర గోదావరిలో కలుస్తుంది. కల్పగూరు దగ్గర దీని మీద 1965లో బరాజ్ కట్టి హైదరాబాద్‌కు తాగునీరు తీసుకెళ్లారు. ఎగువన సింగూరు డ్యాం తర్వాత వచ్చింది. ఈ రెండు కట్టల నడుమ 36 కిలోమీటర్ల నది పరుగు మానేసి పరుచుకుంది. లోతు తక్కువ మడుగులు, మధ్యలో పుట్టిగడ్డ, కర్ణంగడ్డ, బాపనగడ్డ వంటి లంకలు, అంచుల వెంట జమ్ము, తుంగ, నీళ్లలో నిలబడ్డ తుమ్మలు. ఇక్కడ మనం చూసే చిత్తడి అనాది నాటిది కాదు. నగరం కోసం నీళ్లు ఆపితే ఏర్పడింది. జీవాలకు ఆ తేడాతో పని లేదు.

1978లో ఈ నదీ భాగాన్ని, సుమారు 20 చదరపు కిలోమీటర్లను, వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. అప్పటికి దేశమంతా మొసలి చర్మం కోసం జరిగిన వేట వల్ల నదులు ఖాళీ అయ్యాయి. 1975లో జాతీయ మొసళ్ల సంరక్షణ పథకం మొదలైంది. గుడ్లు పొదిగించి, పిల్లల్ని పెంచి నదుల్లో వదలడం దాని పద్ధతి. మన దగ్గరి చిత్తడి మొసలికి అలా దొరికిన చోట్లలో మంజీరా ఒకటి. వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూలులో ఈ మొసలికి చోటుంది. పులితో సమానమైన రక్షణ అది.

చలికాలం పొద్దున తొమ్మిది పది గంటలకు మొసళ్లు లంకల అంచుల మీదికి వస్తాయి. ఒంట్లో వేడి పుట్టించుకునే గుణం వాటికి లేదు. ఎండే ఆధారం. నోరు తెరిచి పడుకున్నది కోపంతో కాదు, ఎక్కువైన వేడిని వదలడానికి. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ మధ్య ఆడ మొసలి ఒడ్డు ఇసుకలో గొయ్యి తవ్వి పాతిక ముప్పై గుడ్లు పెడుతుంది. ఆ గొయ్యిలోని వేడిని బట్టి ఆడపిల్లో మగపిల్లో తేలుతుంది. రెండు నెలల తర్వాత లోపలి నుంచి పిల్లల కూతలు వినబడితే తల్లి గొయ్యి తవ్వి, వాటిని నోట కరుచుకుని నీళ్లలోకి చేరుస్తుంది. ఆ రోజుల్లో ఒడ్డు వెంట అడుగు పెట్టడం మనకూ మంచిది కాదు, దానికీ మంచిది కాదు.

పక్షులది ఇంకో లోకం. వానలు తగ్గాక ఎర్రకాళ్ల కొంగలు లంకల మీది తుమ్మ చెట్లెక్కి గుంపులుగా గూళ్లు కడతాయి. చెట్టు కొమ్మ కొమ్మకూ గూడు, గూటికీ గూటికీ తగవు. చుట్టూ నీరు, నీటిలో మొసళ్లు ఉండటమే ఆ గూళ్లకు కావలి. పిల్లీ నక్కా ఈది రావడానికి తెగించవు. నత్తగుల్ల కొంగలు, తెడ్డుమూతి కొంగలు, నీటికాకులు, బొల్లికోళ్లు, ఒక క్షణం కనబడి మరుక్షణం మునిగే బుడుబుంగలు ఏడాది పొడవునా ఉంటాయి. తామరాకుల మీద పొడుగాటి వేళ్లతో నడిచే పిట్టను చూస్తూ నిలబడితే గంట తెలియకుండా పోతుంది. చలి ముదిరాక టిబెట్, మంగోలియాల నుంచి హిమాలయాలు దాటి పట్టెతల బాతులు దిగుతాయి. పగలు నీటి మధ్య విశ్రాంతి, సాయంత్రమైతే చుట్టుపక్కల చేలలో మేత.

వెళ్లాలనుకుంటే

నవంబర్ నుంచి ఫిబ్రవరి అనువైన కాలం. కొల్లూరు నుంచి చీకటితోనే బయల్దేరితే లారీల రద్దీ మొదలవకముందే హైవే భాగం దాటొచ్చు. ఔటర్ ప్రధాన రహదారి మీదికి సైకిళ్లను రానివ్వరు, సర్వీస్ రోడ్డే దిక్కు. వెనుక ఎర్ర దీపం, హెల్మెట్ తప్పనిసరి అనుకోండి, పొగమంచు దట్టంగా ఉంటుంది. గేర్ల సైకిలైతే మేలు. అభయారణ్యంలోకి అటవీశాఖ అనుమతితో, వాళ్లు చూపిన చోట్ల మాత్రమే నడవాలి. బైనాక్యులర్ లేకుంటే సగం పక్షులు మచ్చలుగానే మిగులుతాయి. నీటి అంచుకు దిగి చేతులు కడుక్కోవడం, జమ్ములోకి దూరి ఫొటోలు తీయడం, పక్షులకు చిప్స్ వేయడం వద్దు. మొసలి కదలకుండా పడుకున్నదంటే నిద్రపోతున్నదని అర్థం కాదు. కావాలనుకుంటే ఆ బరువైన ఒంటితోనే నేల మీద దూకుతూ పరుగెత్తగలదు.

దాహమే కంచె

సైకిల్ బాట మొసళ్ల పక్క దాకా పోయిన చోటు లోకంలో లేకపోలేదు. అమెరికాలోని ఫ్లోరిడాలో ఎవర్‌గ్లేడ్స్ అనే మహా చిత్తడి ఉంది. అందులో షార్క్ వ్యాలీ అనే చోట 24 కిలోమీటర్ల చుట్టు బాట. దాని మీద సైకిళ్లు తొక్కుతుంటే పక్కనే మొసలి జాతి ఎలిగేటర్లు పడుకుని ఉంటాయి. పదిహేను అడుగుల దూరం పాటించాలన్నది అక్కడి నియమం. ఆ బాటలో ఒక భాగం 1940లలో చమురు కోసం వెతికినవాళ్లు వేసుకున్నదే. మయామీ తాగే భూగర్భ జలానికి ఆ చిత్తడే ఊట. పరిశ్రమ దారి, నగర దాహం, మొసలి, మూడూ అక్కడ ఒక్కచోటే కలిశాయి. మనకు కొల్లూరులో బాట, పటాన్‌చెరులో పరిశ్రమ, కల్పగూరులో మొసలి విడివిడిగా ఉన్నాయి.

అలాగని షార్క్ వ్యాలీని ఇక్కడికి దింపాలనుకోవడం పొరపాటు. మన చిత్తడి మొసలి ఎలిగేటర్‌లా ఓర్చుకునే జీవి కాదు. నది ఒడ్డు వెంట తారు బాట, దాని మీద పైకప్పు, దాని పక్కన ఫుడ్ కోర్టు వస్తే మొదట ఖాళీ అయ్యేవి కొంగల గూళ్లే. సైకిలు కల్పగూరు ఊళ్లో ఆగాలి. అక్కడి దాకా సర్వీస్ రోడ్డు అంచున లారీల నుంచి రక్షణ, వంతెనల దగ్గర దీపం ఉంటే చాలు.

అసలు ప్రశ్న బాట గురించి కాదు. 2015, 2016 కరువులో సింగూరు అడుగంటింది, మంజీరా బరాజ్ ముందు నేల బీటలు వారింది. మొసళ్లు మిగిలిన గుంటల్లో సర్దుకున్నాయి. హైదరాబాద్ మాత్రం కృష్ణా గోదావరి నీళ్లతో గట్టెక్కింది. 2016 సెప్టెంబర్ వానలకు సింగూరు నిండి చిత్తడి మళ్లీ లేచింది. కానీ మంజీరా లేకపోయినా నగరం బతకగలదన్న సంగతి ఆ రెండేళ్లలో రుజువైంది. నదికి అది మంచి వార్త కాదు.

ఇన్నాళ్లూ ఈ మొసళ్లకు అడవి చట్టం ఎంత కాపు కాసిందో, నగరపు దాహం అంతే కాసింది. తాగే నీళ్లు కాబట్టి ఈ నీటి అంచుకు పటాన్‌చెరు లాంటి పారిశ్రామికవాడ రాలేదు. తాగని నీళ్లు కాబట్టి నక్కవాగులోకి అన్నీ వచ్చాయి. తాగడం దాదాపు మానేశాం కాబట్టి గండిపేట మీది కట్టడి సడలింది. రేపు మంజీరా నీటి వాటా కూడా ఒకటి రెండు శాతానికి తగ్గిందని ఒక కాగితం తయారైతే, సంగారెడ్డి దాకా పరుగెడుతున్న రియల్ ఎస్టేట్ దాన్ని చదవకుండా ఉండదు. అభయారణ్యం హద్దు నీటి అంచుతో ఆగుతుంది. ఆ నీళ్లలోకి దిగే కాలువలూ చేలూ హద్దుకు బయటే ఉన్నాయి. ఎగువ పల్లాలకు కూడా రక్షణ రాసిపెట్టాలి, అదీ కుళాయి లెక్కతో ముడిపెట్టకుండా. గండిపేట విషయంలో ఆ ముడి ఉండబట్టే అది విప్పడం తేలికైంది. నక్కవాగుకైతే ముడి వేసినవాళ్లే లేరు. మంజీరాకు ఇంకా వ్యవధి ఉంది.